నల్లగొండ దుమ్ములో కార్పెట్ టైల్స్

నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో, ఒక భవనం రెండో అంతస్తులో ఉన్న మా ఆఫీసుకు ఒకసారి మా అమ్మ వచ్చింది. నేలంతా పరుచుకున్న బూడిదరంగు కార్పెట్ టైల్స్‌ను చూసి, కుర్చీలో కూర్చోకముందే, "దీన్ని ఎట్ల కడుగుతరు బిడ్డా?" అని అడిగింది. షాబాదు బండలు పరిచిన ఇంట్లో, వారానికొకసారి బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, పొరకతో రుద్ది, ఆ నీళ్ళను వాకిట్లోకి నెట్టేస్తే తప్ప ఇల్లు శుభ్రమైనట్లు లెక్కవేయని తరం ఆమెది. ఆ రోజు ఏదో చెప్పి మాట తప్పించాను. ఆఫీసు నిర్వహణ బాధ్యత నా మీద పడి ఇప్పటికి నాలుగేళ్ళయింది. ఆమె ప్రశ్నకు ఇప్పుడైతే నా దగ్గర జవాబుంది: వీటిని కడగవలసిన అవసరం రాకుండా చూసుకోవడమే వీటి నిర్వహణలో ముప్పాతిక వంతు. మిగిలిన పాతిక వంతు గురించీ, అది నేర్చుకునే క్రమంలో నా చేతుల మీదుగా పాడైపోయిన పలకల గురించీ ఇక్కడ రాస్తున్నాను.

కార్పెట్ టైల్ సాధారణంగా 50 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉండే చదరపు పలక. నాలుగు పలకలు ఒక చదరపు మీటరును కప్పుతాయి. మనకు అలవాటైన లెక్కలో చెప్పాలంటే 100 చదరపు అడుగులకు 38 పలకలు కావాలి. మా ఆఫీసు 900 చదరపు అడుగులు కనుక లెక్క ప్రకారం 335 సరిపోవాలి గాని, గోడల అంచున కోసి పారేసే తరుగుతో కలిపి 350 పట్టాయి. పైన కనిపించే నూలు చాలావరకు నైలాన్ లేదా పాలీప్రొపిలీన్. కింద తారుతో గాని, పీవీసీతో గాని పోసిన బరువైన అడుగు పొర ఉంటుంది. పలక తన బరువుతోనే నేలకు అంటుకొని ఉండడానికి కారణం ఈ పొరే. దానికి తోడు, పూర్తిగా గట్టిపడకుండా ఎప్పటికీ కొంచెం జిగురుగా ఉండిపోయే ఒక రకం బంకను నేల మీద పలుచగా రాస్తారు. అందువల్ల పలకను మూలన పట్టి ఎత్తితే వస్తుంది, మళ్ళీ పెట్టి తొక్కితే అంటుకుంటుంది. అమెరికాలో రే ఆండర్సన్ 1973లో ఇంటర్‌ఫేస్ అనే కంపెనీని పెట్టి ఈ పలకల వ్యాపారం మొదలుపెట్టడానికి కారణం కూడా ఈ సౌకర్యమే. ఆఫీసుల్లో నేల కింద నుంచి తీగలు లాగే రోజులు వచ్చాయి, తీగ చెడినప్పుడల్లా గదంతా పరిచిన తివాచీని చింపలేరు కదా. ఎత్తి మళ్ళీ పెట్టగలగడమే ఈ వస్తువు ప్రాణం. మన ఊళ్ళలో వీటిని కొన్నవారిలో ఎక్కువమంది మాత్రం పరిచిన నాటి నుంచి ఒక్క పలకను కూడా ఎత్తి చూసి ఉండరు. మొదటి ఏడాది నేనూ ఆ జాబితాలోనే ఉన్నాను.

ఆ ఏడాది మా ఆఫీసులో జరిగిన శుభ్రతను తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఊడ్చే అమ్మ పొద్దున్నే పొరకతో ఊడ్చేది. ఆ ఊపుకు లేచిన దుమ్ము టేబుళ్ళ మీదా, కంప్యూటర్ల మీదా వాలి, పదకొండు గంటలకు ఫ్యాన్లు వేయగానే మళ్ళీ కార్పెట్ మీదికే దిగేది. ఆ తరువాత అటెండరు బకెట్ నీళ్ళలో ఫినాయిల్ కలిపి, మాపును సగం పిండి, నడిచే దారంతా తుడిచేవాడు. వాసన బాగుండేది కనుక అంతా శుభ్రంగానే ఉందని అందరం అనుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి గుమ్మం నుంచి జిరాక్స్ మిషన్ దాకా, పొలంలో కాలిబాట పడినట్లు ఒక నల్లని దారి తేలింది.

దీని వెనుక ఉన్నది మన నేల స్వభావమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలా ఊళ్ళవి ఎర్ర చెలక నేలలు. ఆ మట్టిలో రెండు రకాల రేణువులున్నాయి: చెప్పు కింద కరకరలాడే గరుకు ఇసుక ఒకటి, ఎర్రరంగునిచ్చే ఇనుప ఆక్సైడుతో కూడిన, పిండి కంటే మెత్తని బంకమన్ను రెండోది. ఇసుక రేణువు నూలు మొదట్లోకి దిగి, పైన అడుగు పడిన ప్రతిసారీ ఆ నూలును సన్నగా కోస్తుంది. కొన్నాళ్ళకు కార్పెట్ మెరుపు తగ్గి మాసినట్లు కనిపిస్తుంది. అది మురికి కాదు, గీతలు పడిన నూలు మీద వెలుగు సరిగ్గా తిరిగి రాకపోవడం. ఆ అరుగుదలను ఏ మందూ పోగొట్టలేదు. మెత్తని మన్ను సంగతి వేరు. పొడిగా ఉన్నంతసేపు అది గాలితో లాగితే వచ్చే దుమ్మే. నీళ్ళు తగిలిన మరుక్షణం అది బురదగా మారి నూలుకు పూతలా పట్టుకుంటుంది. మేము రోజూ తడి మాపుతో చేసింది, పొద్దునపూట తేలికగా బయటికి పోవలసిన దుమ్మును బురద చేసి కార్పెట్‌కు అలకడమే. ఇంటి ముందు వాకిలిని పేడతో అలికితే మట్టి ఎలా గట్టిపడుతుందో తెలిసిన వాళ్ళం, ఆ సంగతి ఇక్కడ మాకు తట్టకపోవడం విచిత్రం.

కనుక మొదట చేయవలసింది పొరకనూ మాపునూ కార్పెట్ మీదికి రాకుండా ఆపి, వాక్యూమ్ క్లీనరు కొనడం. కొనేటప్పుడు పెట్టె మీద రాసిన వాట్లను చూసి మోసపోకూడదు. వాట్లు అది తాగే కరెంటును చెబుతాయి తప్ప లాగే బలాన్ని చెప్పవు. చూడవలసినవి రెండు. ముక్కు దగ్గర తిరిగే బ్రష్ ఉండాలి, ఎందుకంటే నూలు మొదట్లో కూర్చున్న ఇసుక ఒట్టి గాలి లాగుడుకు కదలదు. లోపల మంచి ఫిల్టరు కూడా ఉండాలి. హెపా అనే రకం ఫిల్టరు 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులను 99.97 శాతం వరకు ఆపుతుంది. అది లేని మిషన్లు ముందు నుంచి లాగిన మెత్తని మన్నును వెనుక నుంచి గదిలోకే ఊదుతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే దీని విషయంలో బేరం ఆడవద్దు. సంచి పూర్తిగా నిండేదాకా ఆగడం కూడా తప్పు, సగం దాటిన దగ్గర నుంచే లాగుడు తగ్గుతుంది. మిషన్‌ను మెల్లగా నడపాలి, ముందుకు తోసినప్పటి కంటే వెనక్కి లాగేటప్పుడు ఇంకా మెల్లగా. తరువాత అడ్డంగా మరొకసారి. మా దగ్గర గుమ్మం, నడిచే దారి ప్రతిరోజూ, కుర్చీల కింద రెండు రోజులకొకసారి, గోడల అంచులు వారానికొకసారి చేస్తున్నాం. ఊడ్చే అమ్మకు ఈ మిషన్ మొదట్లో నచ్చలేదు. "గిదేం ఊడ్సుడు బిడ్డా, నిలవడి దేవుడి పల్లకి తోసినట్టుంది" అన్నది. ఇప్పుడు సంచి విప్పినప్పుడు అందులో ఎంత మన్ను వచ్చిందో అటెండరుకు చూపించి మరీ పారబోస్తుంది.

గుమ్మం దగ్గర ఆపగలిగిన దుమ్ము లోపల ఊడ్చిన దుమ్ము కంటే విలువైనది. మన ఇళ్ళలో చెప్పులు బయట విడవడం అనే ఒక్క ఆచారం, ఏ ఖరీదైన మిషన్ చేయలేని పని చేస్తుంది. ఆఫీసుకు వచ్చేవాళ్ళను చెప్పులు విప్పమని అడగలేం కనుక, గుమ్మం బయట గరుకైన కొబ్బరి పీచు పట్టా, లోపల నీళ్ళు పీల్చే మందపాటి పట్టా వేశాం. చాలామంది వేసే "స్వాగతం" అని రాసిన రెండడుగుల పట్టా మీద ఒక్క కాలు మాత్రమే పడుతుంది, రెండో కాలు దుమ్ముతోనే లోపలికి వస్తుంది. రెండు కాళ్ళూ చెరో రెండు మూడు సార్లు పడాలంటే బయటా లోపలా కలిపి 10 నుంచి 15 అడుగుల పట్టా ఉండాలి. మాకు వరండా ఉండబట్టి 12 అడుగులు కుదిరింది. ఆ పట్టాలను దులపకపోతే అవే దుమ్ము సరఫరా చేసే గిడ్డంగులవుతాయన్న సంగతి వానాకాలంలో తెలిసింది.

ఇక నీళ్ళ దగ్గరికి వస్తాను, ఎందుకంటే మాకు పెద్ద నష్టం జరిగింది అక్కడే. ఆ నల్లని దారిని పోగొట్టడానికి, సోఫాలు, కార్లు కడిగే ఒకాయనను పిలిపించాం. "ఏం గాదు మేడం, ఒక్కపారి గట్టిగ కడిగితే కొత్తగైతయ్" అన్నాడు. బకెట్లో షాంపూ బాగా కలిపి, కార్పెట్ మీద చల్లి, గుండ్రంగా తిరిగే బ్రష్‌తో నురుగు తేల్చి, కారుకు వాడే మిషన్‌తోనే పైపైన నీళ్ళు లాగి వెళ్ళిపోయాడు. రెండు రోజులు నిజంగానే కొత్తవాటిలా ఉన్నాయి. అది ఆగస్టు నెల, బయట ముసురు పట్టి ఉంది. నాలుగో రోజున గదిలో తడిసిన గోనెసంచి వాసన మొదలైంది, వారానికి పలకల మూలలు అప్పడం అంచుల్లా పైకి లేచాయి, నెల తిరగకుండానే ఆ నల్లని దారి మునుపటి కంటే నల్లగా తిరిగి వచ్చింది.

జరిగినదేమిటో తరువాత ఒక్కొక్కటిగా అర్థమైంది. ఒకే ముక్కగా పరిచిన తివాచీకి అతుకులు తక్కువ. టైల్స్‌కు మాత్రం ప్రతి 50 సెంటీమీటర్లకు ఒక సందు ఉంటుంది. ఎక్కువైన నీళ్ళు ఆ సందుల్లోంచి దిగి, బంకను మెత్తబరచి, అడుగు పొరకూ నేలకూ మధ్య చిక్కుకుంటాయి. కింది పొర గాలి ఆడనివ్వనిది కనుక ఆ తడి పైకి రావడానికి దారి లేదు. తడిగా ఉండిపోయిన చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. షాంపూ సంగతి మరొకటి. నీళ్ళు ఆరినా సబ్బు పోదు. నూలు మీద జిగురుగా మిగిలి, అడుగుపడిన ప్రతి చెప్పు నుంచి దుమ్మును పట్టుకుంటుంది. శుభ్రం చేసిన చోటే త్వరగా మాయడానికి కారణం ఇదే. మూడోది మన బోరు నీళ్ళు. నల్లగొండ నీళ్ళు అనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా మా ఊరి పేరే ఉంది. ఆ నీళ్ళు మనిషి ఎముకలకు చేసిన హాని ముందు కార్పెట్ బాధ ఒక బాధే కాదు. అయితే కార్పెట్‌కు సంబంధించినంత వరకు చిక్కు ఫ్లోరైడ్‌తో కాదు, మా భవనం బోరులో కరిగి ఉన్న ఉప్పులతో. బకెట్‌కు లోపల తెల్లని గీత పడే నీళ్ళు నూలులో ఆరితే అదే తెలుపు నూలులోనూ మిగులుతుంది, నూలు గరుకెక్కుతుంది. ఇప్పుడు మేము మరకలకు గాని, చివర తుడవడానికి గాని మిషన్ భగీరథ నీళ్ళో, ఫిల్టరు క్యాను నీళ్ళో వాడుతున్నాం. మరకకు కావలసింది అర లీటరే కనుక ఇది దుబారా అనిపించదు.

అలాగని తడి శుభ్రత అసలే వద్దని కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్పదు. ఈ పలకలకు నా అనుభవంలో బాగా కుదిరింది, ఆరిన తరువాత గట్టిపడి పొడి అయ్యే రకం ద్రావణం. దాన్ని పలుచగా చల్లి మెత్తని బ్రష్‌తో నూలులోకి పట్టిస్తే, ఆరేటప్పుడు అది మురికిని తనలో చుట్టుకొని స్ఫటికంలా పెళుసెక్కుతుంది. మరునాడు వాక్యూమ్‌తో ఆ పొడిని లాగేస్తే పని అయిపోయినట్లే. నీళ్ళు చాలా తక్కువ పడతాయి, రెండు గంటల్లో ఆఫీసు తెరవవచ్చు. దీనికి లొంగని చోట వేడినీళ్ళను చల్లి వెంటనే లాగేసే మిషన్‌ను పిలవాలి. పిలిచేటప్పుడు ఆ మిషన్ నీళ్ళను చల్లడంతో సమానంగా లాగగలదా, ఎన్ని గంటల్లో ఆరుతుంది అని ముందే అడగాలి. ఒక రాత్రిలో ఆరదంటే వద్దనడం మేలు. మందు ఎంత పుల్లగా లేదా ఎంత క్షారంగా ఉందో కూడా చూసుకోవాలి, దాన్ని చెప్పే పీహెచ్ అంకె 5 నుంచి 10 మధ్య ఉన్నవి నైలాన్‌కు భద్రం. ఈ పనికి మన దగ్గర మంచి కాలం ఫిబ్రవరి, మార్చి నెలలు. గాలి పొడిగా ఉంటుంది, ఎండ ముదరదు, ముసురు భయం లేదు. దసరాకు ముందు కడిగించాలన్న మనవాళ్ళ తొందర వల్ల ఎన్ని కార్పెట్లు ముక్కిపోతున్నాయో!

దసరా మాట వచ్చింది కనుక పసుపు మరక గురించి చెప్పక తప్పదు. మా ఆఫీసులో ఆయుధపూజ నాడు కంప్యూటర్లకూ, ప్రింటర్లకూ, చివరికి వాక్యూమ్ క్లీనరుకూ పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొడతాం. మూడేళ్ళ కిందట పసుపు కలిపిన గిన్నె బోర్లాపడి, రెండు పలకల మీద అరచేతి వెడల్పున మరక పడింది. నేను కంగారుపడి బట్టల సబ్బును తడిపి రుద్దాను. పసుపు క్షణంలో రక్తంలా ఎర్రబడింది. చూస్తున్నవాళ్ళు అపశకునమన్నట్లు ముఖాలు పెట్టారు. తీరా ఆలోచిస్తే అందులో మనకు తెలియనిదేమీ లేదు. పసుపుకు సున్నం కలిపి పారాణి చేసేది మనమే, దిష్టి తీసే ఎర్రనీళ్ళు చేసేదీ మనమే. పసుపులోని కుర్కుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది, బట్టల సబ్బూ సున్నంలాగే క్షారం. పులుపు తగిలితే మళ్ళీ పసుపురంగుకు తిరుగుతుంది. అర లీటరు నీళ్ళలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి అద్దితే ఎరుపు పోయి పసుపు మిగిలింది.

ఆ మిగిలిన పసుపును పోగొట్టే మందు దుకాణంలో దొరకదు, ఆకాశంలో ఉంది. కుర్కుమిన్ వెలుగుకు నిలవదు. పసుపుపడ్డ చీరను ఉతికి ఎండలో వేస్తే రంగు వదులుతుందన్న సంగతి మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. గదంతా పరిచిన తివాచీని డాబా మీదికి మోయలేం, పలకనైతే చంకన పెట్టుకొని పోవచ్చు. రెండు పలకలనూ ఎత్తి డాబా మీద పెట్టాం, నాలుగు రోజుల్లో పసుపు కనిపించకుండా పోయింది. ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. అది అక్టోబరు ఎండ కనుక సరిపోయింది. అదే పనిని తరువాతి ఏడాది మే నెలలో, మిట్టమధ్యాహ్నం, ఒక పలకను గోడకు చేరేసి చేశాను. 45 డిగ్రీలకు చేరే మా ఎండకు, దాని కంటే ఎక్కువగా కాలే డాబా సిమెంటుకు, తారుపొర మెత్తబడి పలక నడుము వంగింది. మళ్ళీ తిన్నగా కాలేదు. వేసవిలో అయితే పొద్దున తొమ్మిది లోపల, సమతలంగా ఉన్న చెక్క మీద, నూలు పైకి ఉండేలా పెట్టాలి.

కుంకుమ ఇంత మంచిది కాదు. పసుపుతో చేసిన పాతకాలపు కుంకుమ అయితే పైన చెప్పినట్లే లొంగుతుంది. బజారులో దొరికే వాటిలో కృత్రిమ రంగులు కలిసేవి ఎక్కువ. నైలాన్ నూలుకు ఆమ్ల రంగులను పట్టుకునే గుణముంది, అసలు దానికి అద్దకం వేసేదే అలాంటి రంగులతో. ఎర్రని షర్బత్ ఒలికినా జరిగేది ఇదే: మనం మరక అనుకుంటున్నది నిజానికి అద్దకం. అందుకే కొనేటప్పుడే నూలు రంగు ఎలా వేశారో అడగడం మంచిది. పోచంపల్లి నేతలో నూలుకు ముందే రంగు అద్ది తరువాత నేస్తారు కనుక రంగు గుడ్డ రెండు వైపులా ఉంటుంది. కార్పెట్ నూలులో ఇంకొక మెట్టు ముందుకెళ్ళి, ప్లాస్టిక్ కరిగి ముద్దగా ఉన్నప్పుడే రంగు కలిపి పోగు తీసే పద్ధతి ఉంది. అటువంటి నూలులో కొత్త రంగుకు చోటు తక్కువ, ఎండకు వెలిసిపోవడమూ తక్కువ. కిటికీలు పడమటి వైపు ఉన్న గదికి అది తప్ప మరొకటి కొనవద్దని నా అభిప్రాయం. పాలీప్రొపిలీన్‌కు చాయ, షర్బత్ అంటవు గాని నూనె పట్టుకుంటే వదలదు. పైగా అది 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. బరువైన బీరువాను దాని మీద ఈడిస్తే ఆ రాపిడి వేడికే మెరిసే గీత పడుతుంది.

మిగిలిన మరకల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే సూత్రం ఒక్కటే: వెంటనే తెల్లని నూలుగుడ్డతో అద్దాలి, అంచు నుంచి మధ్యకు రావాలి, రుద్దకూడదు. చాయకు చల్లని నీళ్ళు, ఆ తరువాత వెనిగర్ నీళ్ళు. కూర నూనెకు ముందు మక్కపిండి చల్లి అరగంట ఆగి వాక్యూమ్ చేసి, ఆ తరువాత గిన్నెలు తోమే ద్రవం ఒకటి రెండు చుక్కలు కలిపిన నీళ్ళు. మక్కపిండి లేదని మా వాళ్ళు ఒకసారి శనగపిండి చల్లి, శనివారం ఆదివారం అలాగే వదిలేసి వెళితే సోమవారానికి చీమల బారు సిద్ధంగా ఉంది. ప్రింటరు టోనరు పొడి ఒలికితే నీళ్ళు, ముఖ్యంగా వేడినీళ్ళు, తాకించనే కూడదు. అది వేడికి కరిగి అంటుకోవడానికే తయారుచేసిన ప్లాస్టిక్ పొడి. మంచి ఫిల్టరున్న వాక్యూమ్‌తో లాగాలి, చేత్తో తుడవకూడదు. బురద పడితే ఎండనివ్వాలి, ఎండిన తరువాత సగం పని వాక్యూమే చేస్తుంది. చూయింగ్ గమ్‌కు మంచుగడ్డ పెట్టి గట్టిపడ్డాక గీకాలి. మరక పోయిందనుకున్న చోటే రెండు రోజులకు మళ్ళీ తేలితే, అది నూలు మొదట్లో ఉండిపోయిన ద్రవం ఆరుతూ పైకి ఎక్కడం. అద్దిన తరువాత మందపాటి పొడిగుడ్డ వేసి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచితే అది గుడ్డలోకి ఎక్కుతుంది. బాత్రూముకు వాడే యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ కార్పెట్ దరిదాపులకు కూడా రానివ్వవద్దు. రెండూ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు కార్పెట్ సంగతి అటుంచి మనిషి ఊపిరితిత్తులకే ముప్పు.

పలకను ఎత్తడం మొదలుపెట్టిన తరువాతే ఇది టైల్ అన్న సంగతి నాకు నిజంగా బోధపడింది. పెయింటర్లు లప్పం పెట్టే పలుచని రేకును మూలన దూర్చి ఎత్తితే చాలు. పలక వెనుక ఒక బాణం గుర్తు ఉంటుంది. తీసేటప్పుడు అది ఎటు చూస్తున్నదో గమనించి తిరిగి అలాగే పెట్టకపోతే, నూలు వాలు మారి ఆ ఒక్క పలకే వేరే రంగుదిలా కనిపిస్తుంది. కొనేటప్పుడే అదే బ్యాచ్‌లో నూటికి నాలుగైదు చొప్పున ఎక్కువ కొని దాచుకోవాలి. తరువాతి ఏడాది అదే పేరు, అదే నంబరు చెప్పి తెప్పించినా రంగు ఒక పిసరు తేడా వస్తుంది. మేము 15 దాచాం. పాడైన చోట కొత్త పలక పెట్టగానే అది మాసికలా మెరిసింది. దీనికి ఉపాయం, కొత్తదాన్ని బీరువా పక్కనో, టేబుల్ కిందనో పెట్టి, అక్కడున్న కొంచెం వాడిన పలకను నడిచే దారిలోకి తేవడం. ఇప్పుడు ఆరు నెలలకొకసారి గుమ్మం వరుసను గోడ వరుసతో మారుస్తున్నాం. ఏసీ పైపు కారి తడిసినప్పుడు కూడా ఆ నాలుగు పలకలనే ఎత్తి నేలనూ వాటినీ విడివిడిగా ఆరబెట్టాం. ఒకప్పుడైతే పైన టవల్ పరిచి ఊరుకునేవాళ్ళం.

ఇళ్ళలో కూడా వీటిని వేస్తున్నారు. మహబూబ్‌నగర్‌లో ఉండే మా స్నేహితురాలు, చలికాలంలో బండల చలికి అత్తగారి మోకాళ్ళు పట్టేస్తున్నాయని, ఆమె పడకగదిలో వేయించుకుంది. 12 అడుగులకు 10 అడుగుల గదికి 48 పలకలు సరిపోయాయి. కింది అంతస్తు కనుక ముందుగా నేల చెమ్మను పరీక్షించమని చెప్పాను. ఒకటిన్నర అడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో నేలకు అంటించి, సాయంత్రం నుంచి మరునాడు మధ్యాహ్నం దాకా ఉంచి విప్పితే, కింద నీటి చుక్కలు ఉన్నాయా, బండ రంగు మారిందా అన్నది తెలుస్తుంది. ఆమె గదిలో ఒక మూల చెమ్మ తేలింది. ఆ గోడ అవతల బాత్రూము పైపు కారుతున్నదని అప్పుడు బయటపడింది. మనవడు పక్క తడిపితే ఆ ఇంట్లో పెద్ద హడావుడి ఉండదు, ఆ ఒక్క పలకను ఎత్తి, బాత్రూములో వెనిగర్ నీళ్ళతోనూ మంచినీళ్ళతోనూ కడిగి, నిలువుగా ఆరబెట్టి, దాని చోట మరొకటి పెడుతుంది. బాగా పాడైన వాటిని మాత్రం చెత్తతో కలిపి తగలబెట్టకూడదు. పీవీసీ కాలితే వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ పొగ కళ్ళనూ గొంతునూ కోస్తుంది. మా ఆఫీసులో తీసేసినవి ఒకటి వాచ్‌మన్ కుర్చీ కిందా, రెండు జనరేటరు పెట్టె కిందా, నడుము వంగినది మెట్ల కింద పడుకునే కుక్క కిందా ఉన్నాయి.

మొన్న సంక్రాంతి తరువాత మా అమ్మ మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి నేనే ఒక పలకను ఎత్తి చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, "గింతేనా, జంపఖానా తీర్గనే ఉన్నది" అని, పాత దుప్పటి ఒకటి తెమ్మని, దాని మీద పలకను నూలు కిందికి ఉండేలా బోర్లించి, వీపు మీద అరచేత్తో చరిచింది. అదే రోజు పొద్దున వాక్యూమ్ చేసిన పలక అది. దుప్పటి మీద గుప్పెడు ఎర్రమన్ను రాలింది. మిషన్‌కు అందని లోతున కూర్చున్న ఇసుక, పలకను తలకిందులు చేయగానే తన బరువుకు తానే జారింది. అప్పటి నుంచి నెలకొక శనివారం, ఆఫీసు మూసిన తరువాత, గుమ్మం ముందరి 12 పలకలను డాబా మీదికి తీసుకుపోయి దుప్పటి మీద బోర్లించి దులుపుతున్నాం. ఊడ్చే అమ్మ ముక్కుకు కొంగు కట్టుకొని ఆ పనిని తానే చేస్తానంటుంది, అటెండరు బాణాలు సరిచూసి తిరిగి పరుస్తాడు.